ఇరవై రెండు సొంతవాక్యాలు

రామారావు మాస్టారు సోమవారం పొద్దున పదిన్నరకే వచ్చి, చేతిసంచి గీత టేబుల్ మీద పెట్టి, రబ్బరుబ్యాండు చుట్టిన చీటీల కట్ట బయటికి తీశాడు. గీతకు నీరసం వచ్చింది. మాస్టారి రాత మాస్టారికే సగం అర్థం కాదు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఉన్న ఈ డీటీపీ షాపులో పదకొండేళ్లుగా తెలుగు టైపు చేస్తూ ఆమె ఎన్నో చేతిరాతలతో కుస్తీ పట్టింది. పాఠాలు చెప్పే మనిషి ఇంత ఘోరంగా రాయడం మాత్రం ఈయన దగ్గరే చూసింది.

“ఒక్క చాప్టరేనమ్మా మిగిలింది,” అన్నాడు మాస్టారు స్టూలు లాక్కుంటూ. “దుబారా మనుషుల్నీ, దారి తప్పినవాళ్లనీ సాహిత్యంలో ఏమేం మాటలతో పిలిచారో, అది. పోయినసారి రెండు మార్కులు దీన్లోంచే వచ్చాయి. ఈ ఆదివారం కూడా అడక్కపోతే నన్నడుగు.”

ఆయన చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో తెలుగు చెబుతాడు. తెనాలి నుంచి వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుని ముప్ఫై ఏళ్లయినా, నోట్లోంచి తెనాలిని బయటికి పోనివ్వలేదు. ఆదివారం జరగబోయే ఉద్యోగ పరీక్షకు ఆఖరివారం తిరగేసుకోవడానికని ముప్ఫై రెండు పేజీల చిన్న పుస్తకం వేయిస్తున్నాడు. సాయంత్రానికల్లా ప్రెస్సుకు పంపాలి.

చీటీల్లో మాటలు వరుసగా ఉన్నాయి. పాత కావ్యాల్లోని విటుడు, దేశదిమ్మరితో మొదలై, నవలల కాలానికి వచ్చేసరికి జల్సారాయుడు, జులాయి, పోకిరి, ఆవారా, దండగమారి, సోంబేరి. మొత్తం ఇరవై రెండు. అర్థాలు రాసి ఉన్నాయి. సొంతవాక్యం అన్నచోట ఖాళీగా ఉంది.

“వాక్యాలు నువ్వే రాసెయ్యమ్మా గీతా. నీకు బాగా వస్తాయి. ఏవో కాసిని పేర్లు పెట్టు. రాముడు, సోముడు మాత్రం వద్దు. పిల్లలు నవ్వుతున్నారు.”

గీతకు ఇలాంటి పని కొత్త కాదు. దానికో పద్ధతి పెట్టుకుంది. వాక్యానికో పేరు వెతుక్కుంటూ కూర్చుంటే చెయ్యి సాగదు. అందుకని మొదట అన్ని వాక్యాల్లోనూ ఒకే పేరు కొట్టుకుంటూ పోతుంది. అంతా అయ్యాక వెనక్కి వచ్చి, ఒక్కో పేరే మార్చుకుంటుంది. మామూలుగా ఆ మొదటి పేరు తను చదివిన బడి హెడ్మాస్టరుది. ఆయన ఇప్పటిదాకా గీత చేతుల్లో దొంగా అయ్యాడు, దాతా అయ్యాడు, రెండు నిమిషాల్లో మాయమూ అయ్యాడు.

ఆవేళ ఆమె వేళ్లు ‘సైదులు’ అని కొట్టాయి.

సైదులు ఆమె తమ్ముడు. ముప్ఫై రెండేళ్లు. ఆ పొద్దున వాడు తండ్రి మట్టయ్యను దవాఖానకు తీసుకుపోవాల్సింది. ఇరవై ఆరేళ్లు ఆటో తోలిన మోకాళ్లు, వాటికి దవాఖానలో ఓపీ చీటీ దొరకడమే పెద్ద పని. సైదులు చీకటితోనే లేచి చైతన్యపురిలో రీడింగ్ రూముకు పోయాడు. ఫోను ఎత్తలేదు. మట్టయ్య ఒక్కడే పోయి, గోడ పట్టుకుని రెండు గంటలు వరుసలో నిలబడి, ఇక నిలబడలేక డాక్టరును చూడకుండానే తిరిగొచ్చాడు. గీత ఇంట్లోంచి బయల్దేరేసరికి ఎల్బీనగర్ ఇంటి గడప మీద కూర్చుని, మోకాళ్లు పిసుక్కుంటూ కొడుకును ఒక్కో మాటే తిడుతున్నాడు. జులాయి, దండగమారి, సోంబేరి. ఆ మాటల్నే మాస్టారు వరుసపెట్టి రాసుకొచ్చినట్టు ఉంది.

అందుకే వాక్యాలు అంత తొందరగా వచ్చాయి. ‘తండ్రి ఆటో తోలుతుంటే, ముప్ఫై ఏళ్లు దాటిన సైదులు జులాయిగా తిరుగుతున్నాడు.’ ‘అన్నం వేళకు తప్ప ఇంట్లో కనబడని సైదులును అందరూ దండగమారి అన్నారు.’ ‘మోకాళ్ల నొప్పితో తండ్రి దవాఖాన వరుసలో నిలబడి ఉంటే, సోంబేరి సైదులు ఫోనైనా ఎత్తలేదు.’ వ్యసనపరుడు అన్న మాట దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సైదులు సిగరెట్టు కూడా తాగడు. తర్వాత కొట్టింది. ‘సైదులు వ్యసనపరుడు, ఏళ్ల తరబడి పరీక్షలు రాయడమే అతని వ్యసనం.’

వెనక నిలబడి చదువుతున్న మాస్టారు “భేష్,” అన్నాడు. “ప్రాణం ఉందమ్మా ఇందులో. ఎవడో నిజంగా ఉన్నట్టే ఉన్నాడు.”

ఎవరైనా మెచ్చుకుని చాలా రోజులైంది. గీతకు ముఖం వేడెక్కింది. మిగిలినవి ఇంకా హుషారుగా కొట్టింది. పొద్దుటి కోపం వేళ్లలోంచి దిగిపోతుంటే హాయిగా ఉంది, దాచడమెందుకు.

ఐదింటికి ప్రెస్సు నుంచి రెండోసారి ఫోను వచ్చింది. “ఇంక ఆగరటమ్మా, పంపించెయ్,” అన్నాడు మాస్టారు. పేర్లు మార్చలేదని గీతకు గుర్తుంది. ఇది ముఖ్యం. ఆమె మర్చిపోలేదు. రెండు నిమిషాల పని, ఆగమంటే మాస్టారు ఆగేవాడే. మౌసు పైకి పోయింది కూడా. అప్పుడు మళ్లీ గోడ పట్టుకుని నిలబడ్డ తండ్రి కళ్లముందుకు వచ్చాడు. తమ నల్గొండ జిల్లాలో ఊరికి పదిమంది సైదులులు ఉంటారు, ఎవరికి తెలుస్తుంది అనుకుంది. ఉండనీ అనుకుంది. పంపించేసింది.

బుధవారం సాయంత్రం సైదులు ఇంటికి పెందలాడే వచ్చాడు. గీత పొయ్యి దగ్గర చారుకు తాలింపు వేస్తోంది. మట్టయ్య మంచం మీద కాళ్లు చాపుకుని మోకాళ్లకు ఆముదం రాసుకుంటున్నాడు. సోమవారం నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. సైదులు బ్యాగు మేకుకు తగిలించి, పసుపు అట్ట ఉన్న చిన్న పుస్తకం తీసి చాప మీద కూర్చున్నాడు. అట్ట రంగు చూసి గీత గుర్తుపట్టింది. తను పెట్టిన రంగే.

“అక్కా, గిది సూడు,” అన్నాడు నవ్వుతూ. “గీండ్ల ఎవడో నా పేరుగల్లోడు ఉన్నడు. పొద్దట్నుంచి రూంల పోరగాళ్లు నన్ను పేరు పెట్టి పిలుస్తనే లేరు. జులాయన్నా, ఛాయ్ తాగుదామా అంటున్రు.”

అక్క కోచింగ్ వాళ్లకు టైపు చేస్తుందని వాడికి తెలుసు. ఏ పుస్తకాలో ఎన్నడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. గీత మూకుడులో ఆవాలు చిటపటమంటుంటే “గట్లనా,” అని ఊరుకుంది.

“ఏందిరా గది?” అన్నాడు మట్టయ్య. మూడు రోజులకు మొదటి మాట.

“పుస్తకం నాయిన. ఎనుకట నుంచి బేకారుగాళ్లను ఏమేం అంటరో రాసిన్రు. అన్నిట్ల నా పేరే.”

“సదువు.”

సైదులు చదివాడు. బడి పిల్లాడిలా ఒక్కో మాట, దాని అర్థం, దాని కింద వాక్యం. మొదట్లో గొంతులో నవ్వు ఉంది. మట్టయ్య ఆముదం గిన్నె కింద పెట్టి చెవి ఒగ్గాడు. ఆయనకు చదువు రాదు, అచ్చు పడ్డదంటే మాత్రం భయభక్తులు ఎక్కువ. జులాయి దగ్గర తల ఊపాడు. దండగమారి దగ్గర తొడ మీద చరుచుకున్నాడు.

“నేనన్న మాటలే గదరా. అచ్చం నేనన్నట్టే ఉన్నది.”

“ఆ నాయిన.”

“నేనేదో కోపంల నోరు జారుతున్న అనుకున్న ఇన్నొద్దులు. రాత్రి పంటే మనసున పట్టకపోయేది, పెద్దపోరన్ని పట్టుకొని ఏందేందో అంటినని. సదువుకున్నోళ్లు గూడ గిట్లనే రాసిన్రంటే ఇగ నాది తప్పేమున్నది.” మట్టయ్య ముఖంలో ఒక నెమ్మది వచ్చింది. “సదువు, ఇంకేమున్నది?”

సైదులు పేజీ తిప్పాడు. వాక్యం మొదలుపెట్టాడు. ‘మోకాళ్ల నొప్పితో తండ్రి...’ అని ఆగిపోయాడు. మిగతాది కళ్లతో చదువుకున్నాడు. గీత వెనక్కి తిరగలేదు. వీపు మీద వాడి చూపు తెలుస్తోంది. గరిటె తీసి చారులో ఊరికే తిప్పింది. చారు తిప్పాల్సిన అవసరమేమీ లేదు.

“గంతే నాయిన,” అన్నాడు సైదులు. “అయిపోయింది.”

పుస్తకం మూసి బ్యాగులో పెట్టాడు. అన్నం తిన్నాడు. కంచం తనే కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని, ఎప్పుడూ లేనిది తొమ్మిదికే పడుకున్నాడు. గీత ఏదైనా అంటాడేమోనని చూసింది. కోపంగా ఒక్క మాట అన్నా బాగుండేది. తిడితే తిట్టించుకుని, తప్పయిందని చెప్పి, ఏడిచి, అంతటితో వదిలించుకునేది. వాడు ఆ దారి మూసేశాడు.

గురువారం సైదులు ఐదింటికి లేవలేదు. ఏడింటికి లేచి, మట్టయ్య ఖాకీ చొక్కా అడిగి తొడుక్కుని, ఆటో తాళంచెవి తీసుకున్నాడు. తండ్రిని దవాఖానలో దించి, చీటీ రాయించి, డాక్టరుకు చూపించి, మందులు ఇప్పించి ఇంట్లో దించాడు. తర్వాత స్టాండుకు పోయి సాయంత్రం దాకా బండి తోలాడు. లైసెన్సు ఎప్పుడో మట్టయ్యే తీయించి ఉంచాడు. ఆ కార్డు ఇన్నాళ్లకు పెట్టెలోంచి బయటికి వచ్చింది.

“ఆదివారం పరీక్ష గదరా,” అంది గీత రాత్రి అన్నం వడ్డిస్తూ.

“సూద్దాం అక్క.”

“ఆరేండ్లకు పడ్డది నోటిఫికేషను. మల్ల ఎన్నడు పడ్తదో.”

“సూద్దాం అంటున్న గద.”

“పోరన్ని ఊకె సతాయించకు,” అన్నాడు మట్టయ్య. ఆయన ఆనందాన్ని గీత చూడలేకపోయింది. తన పళ్లెం తీసుకుని వచ్చి కొడుకు పక్కనే కూర్చున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం మానేసి గీత మెట్రో ఎక్కి చైతన్యపురిలో దిగింది. కోచింగ్ సెంటరు మెట్ల మీద నలుగురు పిల్లలు టీ తాగుతున్నారు. “క్లాసు ఇడిసిపెట్టి యాడికి పోయినవ్‌రా సైదులు?” అన్నాడొకడు, కిందినుంచి వస్తున్న ఇంకొకణ్ని చూసి. అందరూ నవ్వారు. ఆ వచ్చినవాడి పేరు సైదులు కాదని అర్థమవడానికి గీతకు కాస్త సమయం పట్టింది. తమ్ముడి పేరు రెండు రోజుల్లోనే తిట్టయి కూర్చుంది.

మాస్టారు స్టాఫ్ రూములో డబ్బా విప్పుకుని పెరుగన్నం తింటున్నాడు. గీతను చూసి సంతోషించాడు.

“నేనే ఫోన్ చేద్దామనుకున్నానమ్మా. పుస్తకం అదిరిపోయింది. పోయిన బ్యాచికి ఇలాంటి మాటలు బట్టీ పట్టించడానికి వారం పట్టింది. ఈసారి ఒక్క రోజు. ఎందుకనుకున్నావు? అన్నిటికీ ఒకే మనిషి. వాణ్ని తలుచుకుంటే చాలు, ఇరవై రెండు మాటలూ వచ్చేస్తున్నాయంటున్నారు. బాగా ఆలోచించావు.”

“ఆలోచించలే సార్. పేర్లు మార్చకుండ పంపిన. మల్ల అచ్చేసేటప్పుడన్న తీసేద్దాం సార్.”

“ఎందుకమ్మా?”

“సైదులు మా తమ్ముడు సార్.”

మాస్టారు చెంచా డబ్బాలో పెట్టేశాడు. కళ్లద్దాలు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయి చేతిలోనే పట్టుకున్నాడు. “ఏ సైదులు? వెనక బెంచీలో, కిటికీ పక్కన కూర్చుంటాడు, పొడుగ్గా?”

“ఆడే సార్. గీ పక్క రీడింగ్ రూంల సదువుతడు.”

“అతను మీ తమ్ముడా?” అన్నాడు. డబ్బాకు మూత పెట్టేశాడు. “ఆ మాటల్లో సగం అతను ఏరి ఇచ్చినవేనమ్మా. నాకెక్కడ ఓపిక? లైబ్రరీలో కూర్చుని పాత కావ్యాలన్నీ తిరగేశాడు. సోమవారం పొద్దున్నే మిగతావి కావాలన్నాను. ఏడింటికల్లా తెచ్చి చేతిలో పెట్టాడు. అవి చూసుకునే నేను చీటీలు రాసుకుని నీ దగ్గరికొచ్చింది.”

గీత బల్ల అంచు పట్టుకుంది. సోమవారం పొద్దున. వరుసలో నాయిన. ఎత్తని ఫోను. వాడు చెబితే ఏం పోయేది? చెబితే తను వినేదా? వినేది కాదు. ఆ పొద్దున ఎవరు ఏం చెప్పినా వినేది కాదు.

“ఈసారి అతనికి వస్తుందమ్మా ఉద్యోగం,” అన్నాడు మాస్టారు. “నా క్లాసులో వచ్చే నలుగురిలో అతనొకడు. పోయిన పరీక్షలో మార్కున్నరలో పోయింది.”

“రీడింగ్ రూంకు ఒస్తలేడు సార్. బండి తోలుతున్నడు. మీరొక్కసారి చెప్పున్రి. గా పేరు తీసేస్తున్నమని చెప్పున్రి.”

“రెండో అచ్చు ఈ పొద్దున్నే మొదలైపోయిందమ్మా. ఇంకో సెంటరువాళ్లు కూడా అడిగారు.” ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. కానీ నొచ్చుకున్న మనిషి వెతుక్కునే మాటే వెతుక్కున్నాడు. “అయినా ఎవరికి తెలుస్తుందిలే. సైదులులు ఎంతమంది లేరు.”

ఆ సాయంత్రం మాస్టారు సైదులుకు ఫోన్ చేశాడు. సైదులు బండి పక్కకు ఆపి, నిలబడి, తప్పకుండా రాస్తాను సార్ అన్నాడట. ఆయన తృప్తిగా గీతకు చెప్పాడు. మాస్టర్లకు శిష్యులు ఎప్పుడైనా రాయనని చెబుతారా?

ఆదివారం పొద్దున తొమ్మిదికి సైదులు ఖాకీ చొక్కా తొడుక్కుని ఆటో తుడుస్తుంటే, గీత వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఆమె హ్యాండ్‌బ్యాగులో వాడి హాల్‌టికెట్టు, ఆధార్ కార్డు, రెండు నల్ల పెన్నులు ఉన్నాయి. పరీక్ష సెంటరు వనస్థలిపురంలోనే. పదింటికి గేటు మూస్తారు.

“యాడికక్కా?”

“నువ్వు యాడికి పోతే గాడికి.”

సైదులు బండి తీశాడు. రింగ్ రోడ్డు దాటేలోపే ఒకమ్మాయి చెయ్యెత్తింది. చేతిలో పారదర్శకమైన ఫైలు, దాంట్లో హాల్‌టికెట్టు. చెప్పిన సెంటరు పేరు కూడా అదే. గీత మనసులో దండం పెట్టుకుంది. ఇక వాడు అటు పోక తప్పదు.

ఆ పిల్ల ఎక్కగానే పసుపు అట్ట పుస్తకం తీసి పెదాలు కదుపుతూ చదవసాగింది. కాసేపటికి చిరాకుపడింది. “దేశదిమ్మరి, జులాయి. రెండు ఒకటే గద, మల్ల రెండెందుకు పెట్టిన్రో.”

“ఒకటి కాదు చెల్లె,” అన్నాడు సైదులు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “దేశదిమ్మరి ఊర్లు పట్టుకొని తిరుగుతడు. జులాయి ఉన్న ఊర్లెనే తిరుగుతడు. మొదటిది కావ్యాల మాట, రెండోది మన ఇండ్లల్ల మాట. తేడా అడిగితే ఏది ఏ కాలం మాటో రాయి, మార్కు ఇస్తరు.”

ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తి అద్దంలో వాడి ముఖం చూసింది. “అన్నా, నువ్వు గూడ కోచింగ్ తీసుకున్నవా?”

“లే చెల్లె. గా పుస్తకం మా అక్క రాసింది. నీ పక్కకు కూసున్నది గామెనే.”

“నిజమా అక్కా? మస్తు రాసినవ్. గా సైదులు లేకపోతే నాకు ఒక్కటి గూడ యాదికుండకపోవు.”

గీత హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. ఆ పిల్ల మళ్లీ చదువులో పడిపోయింది. కర్మన్‌ఘాట్ నుంచి వచ్చిన బస్సు ఒకటి అడ్డంగా ఆగితే సైదులు ఓపిగ్గా దాని వెనకే ఆగాడు, హారన్ కూడా కొట్టలేదు.

సెంటరు ముందు పోలీసులు బండ్లను దూరంగా ఆపుతున్నారు. ఆ పిల్ల దిగి పరిగెత్తింది. పదికి పన్నెండు నిమిషాలు ఉంది. గీత దిగలేదు. హాల్‌టికెట్టు తీసి ముందు సీటు మీదుగా చెయ్యి చాపింది.

“పో సైదులు. బండి నేను సూస్త.”

వాడు తీసుకున్నాడు. దాని మీద తన ఫోటో చూసుకున్నాడు, అంచులు సరిచేశాడు.

“పేర్లు మార్చుడు మర్చిపోలేదురా,” అంది గీత. “యాదికున్నది. ఉండనీ అనుకున్న. నువ్వు మాస్టరుకు గా మాటలు ఏరి ఇయ్యనీకె పోయినవని నాకు ఎరుక లేదు. నేను రాసినయన్ని అబద్ధాలే.”

“అబద్ధమేమున్నదక్క గండ్ల. నాయిన లైన్ల నిలబడ్డది అబద్ధమా? ముప్ఫై ఏండ్లు దాటింది అబద్ధమా?” వాడి గొంతులో కోపం లేదు. అదే గీతను భయపెట్టింది. “రూంల కూసున్నన్ని దినాలు నేను సదువుతున్న అనే అనుకున్న. గా పుస్తకం సూసినంకనే తెలిసింది, బయటినుంచి సూస్తే గట్ల కనబడ్తదని.”

“మాస్టరు చెప్పిండు, ఈసారి నీకు ఒస్తదని. మార్కున్నరల పోయిందట గద. పో తమ్మి, నీ కాళ్లు మొక్కుత.”

గేటు దగ్గర కానిస్టేబులు ఈల వేశాడు. ఇద్దరు ముగ్గురు పరుగున లోపలికి పోయారు. సైదులు వాళ్లు పోయేదాకా చూశాడు.

“నాయిన మొన్న నా పక్కకు కూసొని తిన్నడక్క. సూసినవా? కూర నా పళ్లెంల ఏసిండు. ఆరేండ్లయింది గట్ల ఏసి.” హాల్‌టికెట్టు రెండు మడతలు పెట్టి ఖాకీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. “గిప్పుడు లోపటికి పోతే, మూడు గంటలైనంక బయటికొచ్చేది మల్ల గా సైదులే. ఫలితం ఒచ్చేదాంక ఏడాదో, రెండేండ్లో ఆడే ఉంటడు. నాతోని కాదక్క.”

గీత ముందుకు వంగి వాడి భుజం పట్టుకుంది. కిందికి లాగాలని ఉంది. చిన్నప్పుడు బడికి పోనని మొండికేస్తే రెక్క పట్టి లాక్కుపోయేది. ఇప్పుడు ఆ భుజం కదల్లేదు. గేటు మూసిన చప్పుడు ఇక్కడిదాకా వినబడింది. బయట ఉండిపోయిన ఒక కుర్రాడు ఇనుప చువ్వలు పట్టుకుని బతిమాలుతున్నాడు.

కూతుర్ని దింపడానికి వచ్చిన ఒక పెద్దమనిషి రోడ్డు దాటి వచ్చి లోపలికి తొంగిచూశాడు. “దిల్‌సుఖ్‌నగర్ వస్తావా బాబూ?”

“ఎక్కున్రి సార్,” అన్నాడు సైదులు.

గీత ఆయనకు చోటిచ్చి పక్కకు జరిగింది.